యువిక: రాకెట్ కంటే ముందు చూడాల్సింది మార్కుల పట్టిక

ఏప్రిల్లో ఇస్రో బడి పిల్లలకి పెట్టే వేసవి శిబిరం యువికకి ఎంపిక జాబితా రాగానే తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఏటా ఒకటే రభస. "మావాడు క్లాస్ ఫస్టు, ఇస్రో క్యాంపులో పేరెందుకు రాలేదు? ఆ జడ్పీ స్కూలు పిల్లకి ఎలా వచ్చింది?" ఇందులో సిఫార్సు ఏమీ లేదు. క్లాస్ ఫస్టుకి ఇక్కడ దక్కేది 100లో 50 లోపే. మిగతా 50 ఎక్కడ పుడతాయో ఇస్రో ఇచ్చే ఎంపిక మార్కుల పట్టికలో స్పష్టంగా రాసి ఉంటుంది. దాన్ని నోటిఫికేషన్ వచ్చాక ఫిబ్రవరిలో మొదటిసారి చదివితే అప్పటికి చేయగలిగింది చాలా తక్కువ.

యువిక అంటే యువ విజ్ఞాని కార్యక్రమం. ఇస్రో 2019లో మొదలుపెట్టింది, కోవిడ్ రెండేళ్ళూ ఆగింది. 2019లో 111 మంది, 2022లో 153, 2023లో 337, 2024లో 351 మంది వెళ్ళారు. ఇవి దేశం మొత్తం మీద సీట్లు. రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలు అన్నిటికీ చోటు ఇవ్వాలి కాబట్టి ఒక్కో రాష్ట్రానికి వచ్చేవి ఏ పాటివో లెక్కేసుకోండి. ఆ సంవత్సరం జనవరి 1 నాటికి 9వ తరగతి చదువుతూ ఉండాలి. అంటే జీవితంలో ఒక్కటే అవకాశం. "వచ్చే ఏడు చూద్దాం" అనేది దీనికి చెల్లదు. శిబిరానికి ఫీజు లేదు. తిండి, బస, కోర్సు సామగ్రి ఇస్రోవే.

ఇప్పుడు పట్టిక సంగతి. 2025 నోటిఫికేషన్ ప్రకారం 8వ తరగతి మార్కులకు 50 శాతం. ఆన్‌లైన్ క్విజ్‌కి 10. గత మూడేళ్ళలో సైన్స్ ఫెయిర్‌లో పాల్గొంటే పాఠశాల స్థాయికి 2, జిల్లా స్థాయికి 5, రాష్ట్ర స్థాయి, ఆపైన 10. ఒలింపియాడ్ లేదా సైన్స్ పోటీల్లో మొదటి మూడు స్థానాల్లో ఏదైనా వస్తే అదే వరసలో 2, 4, 5. ఆటల్లోనూ అంతే: మొదటి మూడు స్థానాల్లో ఏదైనా వస్తే పోటీ స్థాయిని బట్టి 2, 4, 5. స్కౌట్స్ అండ్ గైడ్స్, ఎన్‌సీసీ, ఎన్‌ఎస్‌ఎస్‌లలో దేనిలో సభ్యత్వం ఉన్నా 5. పంచాయతీ పరిధిలోని పల్లె బడిలో చదువుతుంటే 15.

ఆ చివరి 15 దగ్గరే ఆట తిరుగుతుంది. నగరంలో పేరున్న స్కూలు అబ్బాయి ఒకడున్నాడనుకుందాం. 8లో 96 శాతం, అంటే 48. క్విజ్‌లో 8. స్కూలు సైన్స్ ఫెయిర్‌కి 2, స్కూలు స్థాయి ఒలింపియాడ్ ర్యాంకుకి 2. ఆటలు లేవు, స్కౌట్స్ లేదు. మొత్తం 60. ఇప్పుడు పల్లెలో జడ్పీ హైస్కూలు అమ్మాయి. 84 శాతానికి 42. క్విజ్‌లో 6. జిల్లా స్థాయి ప్రదర్శనలో ప్రాజెక్టు పెట్టింది, 5. స్కూలు సైన్స్ పోటీలో బహుమతి, 2. ఖోఖోలో జిల్లా రెండో స్థానం, 4. పల్లె బడికి 15. మొత్తం 74. మార్కుల్లో పన్నెండు శాతం వెనకబడి కూడా పద్నాలుగు ముందుంది. ఆ అబ్బాయి స్కౌట్స్‌లో చేరి, సైన్స్ ఫెయిర్‌ని రాష్ట్ర స్థాయి దాకా లాక్కెళ్ళినా 73 దగ్గర ఆగిపోతాడు. ఇది అన్యాయమని అనేవాళ్ళున్నారు. కానీ ల్యాబ్ కూడా సరిగా లేని బడిలో 84 తెచ్చుకోవడం, రోజూ స్టడీ అవర్లు నడిపే చోట 96 తెచ్చుకోవడం ఒకటి కావు. ఇస్రో ఆ తేడాకి ఒక అంకె పెట్టింది, పెట్టడం సరైన పనే.

పొరపాట్లు ఎక్కువగా జరిగేది గడులు తారుమారు కావడం వల్ల. సైన్స్ ఫెయిర్ గడికి పాల్గొన్న సర్టిఫికెట్ చాలు. ఒలింపియాడ్ గడికి, ఆటల గడికి స్థానం కావాలి, ఒకటి నుంచి మూడు లోపు. "పార్టిసిపేషన్" అని రాసున్న రంగురంగుల కాగితాన్ని తీసుకెళ్ళి ఒలింపియాడ్ గడిలో పెడితే అసలు పత్రాలు చూసే రోజున బయటపడుతుంది. తప్పు వివరం ఇస్తే అభ్యర్థిత్వమే రద్దవుతుంది. ఇంకొకటి, మన దగ్గర పోటీలు పాఠశాల, మండలం, డివిజన్, జిల్లా అని మెట్లు మెట్లుగా నడుస్తాయి. ఈ పట్టికలో మండలం అనే గడి లేదు. మండల స్థాయి బహుమతిని జిల్లా గడిలోకి నెట్టే ప్రయత్నం వద్దు. రెండు మార్కుల ఆశకి మొత్తం దరఖాస్తుని పణంగా పెట్టినట్టవుతుంది.

ప్రైవేటు ఒలింపియాడ్ల మాట కూడా ఇక్కడే చెప్పాలి. ఏటా మూడు నాలుగు పరీక్షలకి ఫీజులు కట్టి, గోడ నిండా మెడల్స్ తగిలించినా ఆ గడి 5 దాటదు. అదే డబ్బూ శ్రమా సైన్స్ ఫెయిర్ మీద పెడితే 10 దాకా పోవచ్చు. సైన్స్ ఫెయిర్‌కి మన పిల్లలకి దగ్గరి దారి కేంద్ర ప్రభుత్వ పథకం ఇన్‌స్పైర్ మానక్. 6వ తరగతి నుంచే స్కూలు పేర్లు పంపవచ్చు. ఆలోచన ఎంపికైతే నమూనా చేయడానికి 10,000 రూపాయలు పిల్లల ఖాతాలోనే పడతాయి, తర్వాత జిల్లా ప్రదర్శన. పేరు పంపాల్సింది స్కూలే కాబట్టి సైన్స్ మాస్టారి వెంటపడక తప్పదు. పోటీల గడికైతే జన విజ్ఞాన వేదిక వాళ్ళ చెకుముకి పరీక్ష ఉండనే ఉంది. ఆటలకి స్కూల్ గేమ్స్. గుంపు ఆటలో జట్టు గెలిచినా సర్టిఫికెట్ మీద పిల్లవాడి పేరు, స్థానం, ఏ స్థాయి పోటీ, తేదీ ఈ నాలుగూ ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి. తేదీ లేని సర్టిఫికెట్‌తో మూడేళ్ళ లోపుదని ఎలా నిరూపిస్తారు?

ఎన్‌ఎస్‌ఎస్ అని పట్టికలో ఉంది గానీ 9వ తరగతి పిల్లలకి అది అందేది కాదు, ఇంటర్ నుంచి ఉండే వ్యవహారం. ఎన్‌సీసీ అన్ని స్కూళ్ళలోనూ ఉండదు. మిగిలింది స్కౌట్స్ అండ్ గైడ్స్. మీ బడిలో యూనిట్ ఉంటే 7లోనో 8లోనో చేరడం ఈ పట్టిక మొత్తంలో తేలిగ్గా వచ్చే 5 మార్కులు. చాలామంది వదిలేసేదీ అదే.

మార్కుల జాబితా దగ్గర చిన్న చిక్కుంది. కొన్ని బడుల 8వ తరగతి ప్రోగ్రెస్ కార్డులో గ్రేడులు మాత్రమే ఉంటాయి. ఏ1, ఏ2 అని ఉంటే శాతం ఎలా రాస్తారు? రిజిస్టరులో ఉన్న మార్కులు చూసి, మొత్తం ఎన్నింటికి ఎన్ని వచ్చాయో స్కూలు లెటర్‌హెడ్ మీద రాయించి, సంతకం, ముద్ర వేయించి పెట్టుకోండి. ఈ పని నోటిఫికేషన్ రాకముందే చేసుకోవచ్చు.

తేదీలకి 2025 నమూనా చూడండి. నమోదు ఫిబ్రవరి 24 నుంచి మార్చి 23 దాకా. మొదటి జాబితా ఏప్రిల్ 7న. మే 18న కేంద్రానికి చేరాలి, 19 నుంచి 30 దాకా శిబిరం. ఏటా రోజులు కొంచెం అటూ ఇటూ అయినా వరస ఇదే. మార్చి 23 అంటే బోలెడు టైముందనిపిస్తుంది. మన రాష్ట్రాల్లో లేదు. మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు. 2025లో టెన్త్ పరీక్షలు ఆంధ్రప్రదేశ్‌లో మార్చి 17న, తెలంగాణలో 21న మొదలయ్యాయి. ఆ రోజుల్లో హెడ్‌మాస్టర్లు పరీక్షా కేంద్రాల డ్యూటీల్లో ఉంటారు, బడికి వెళితే కుర్చీ ఖాళీ. దరఖాస్తుకి కావాల్సిన ధ్రువీకరణ మీద సంతకం చేయాల్సింది మాత్రం వాళ్ళే. అందుకని మార్చి 10 లోపు కాగితం చేతిలో పడేలా చూసుకోవాలి.

పోర్టల్‌లో పని ఇలా సాగుతుంది. ఇస్రో అంతరిక్ష జిజ్ఞాస వేదికలో ఈమెయిల్‌తో నమోదు, ఆ మెయిల్‌కి వచ్చిన లింకుతో ధ్రువీకరణ. తర్వాత స్పేస్ క్విజ్. క్విజ్ పంపాక కనీసం 60 నిమిషాలు ఆగి, మళ్ళీ లాగిన్ అయితేనే వ్యక్తిగత, చదువు వివరాలు నింపగలరు. ఈ గంట విరామం సంగతి తెలియక, సైట్ పనిచేయడం లేదనుకుని వేరే మెయిల్‌తో ఇంకో ఖాతా తెరిచేవాళ్ళున్నారు. అలా చేయకండి, టీ తాగి రండి. వివరాలు నింపాక ధ్రువీకరణ పత్రం ప్రింటు తీసి, హెడ్‌మాస్టర్ సంతకం చేయించి, స్కాన్ చేసి మిగతా సర్టిఫికెట్లతో పాటు ఎక్కించాలి. మీసేవ కేంద్రం వాళ్ళ మెయిల్‌తోనో, నెట్ సెంటర్ కుర్రాడి మెయిల్‌తోనో నమోదు చేయిస్తే ఎంపిక కబురు కూడా అక్కడికే పోతుంది. ఇంట్లో రోజూ చూసే మెయిల్ ఒకటి పెట్టండి, పాస్‌వర్డ్ నోటు పుస్తకంలో రాయండి.

క్విజ్‌కి వారం చదివితే సరిపోతుంది, బట్టీ అక్కర్లేదు. పీఎస్‌ఎల్‌వీ రాకెట్‌లో నాలుగు దశలు, ఘన, ద్రవ ఇంధనాలు ఒకదాని తర్వాత ఒకటి ఎందుకు వస్తాయి? బరువైన ఎల్‌వీఎం3 రాకెట్‌లో రెండు ఎస్200 ఘన ఇంధన బూస్టర్లు, ఎల్110 ద్రవ ఇంధన దశ, పైన సీ25 క్రయోజెనిక్ దశ. చంద్రయాన్-3 దిగింది 2023 ఆగస్టు 23న, అందుకే ఆ రోజు జాతీయ అంతరిక్ష దినోత్సవం. సూర్యుణ్ణి గమనించే ఆదిత్య-ఎల్1 ఉన్నది భూమికి సుమారు 15 లక్షల కిలోమీటర్ల దూరంలో. స్పేడెక్స్‌లో రెండు ఉపగ్రహాలు కలుసుకున్నది 2025 జనవరి 16న. శ్రీహరికోట నుంచి నూరో ప్రయోగం అదే నెల 29న వెళ్ళింది. అంకెల వెనక కారణం తెలిసిన పిల్లలకి ప్రశ్న ఎటు తిప్పి అడిగినా ఇబ్బంది ఉండదు.

కేంద్రాలు ఏడు: తిరువనంతపురం విక్రమ్ సారాభాయ్ కేంద్రం, బెంగళూరు యూ ఆర్ రావు ఉపగ్రహ కేంద్రం, అహ్మదాబాద్ స్పేస్ అప్లికేషన్స్ సెంటర్, హైదరాబాద్ ఎన్‌ఆర్‌ఎస్‌సీ (జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం), శ్రీహరికోట షార్, డెహ్రాడూన్ ఐఐఆర్‌ఎస్ (రిమోట్ సెన్సింగ్ శిక్షణ సంస్థ), షిల్లాంగ్ దగ్గర నెసాక్ (ఈశాన్య రాష్ట్రాల అంతరిక్ష కేంద్రం). మన పిల్లలు కదా అని శ్రీహరికోటో హైదరాబాదో ఇస్తారన్న హామీ లేదు. కేటాయించేది ఇస్రోనే. ఏ కేంద్రం పడితే దాని వాసన రెండు వారాలూ ఉంటుంది. తిరువనంతపురం రాకెట్ల పుట్టిల్లు, 1963 నవంబర్ 21న తొలి సౌండింగ్ రాకెట్ లేచిన తుంబా అక్కడిదే. బెంగళూరులో ఉపగ్రహాల తయారీ, అహ్మదాబాద్‌లో వాటి కెమెరాలు, పరికరాలు. హైదరాబాద్, డెహ్రాడూన్‌లలో పైనుంచి తీసిన చిత్రాలతో పంటలు, చెరువులు, వరదలు చదవడం. శ్రీహరికోట పడితే ప్రయోగ వేదికలు. హైదరాబాద్ పడిందని మొహం వేలాడేసే పిల్లలుంటారు, రాకెట్ కనపడదని. తమ ఊరి చెరువు పదేళ్ళలో ఎంత కుంచించుకుపోయిందో ఉపగ్రహ చిత్రాల్లో పక్కపక్కన పెట్టి చూస్తే వాళ్ళే మర్చిపోతారు.

ప్రయాణానికి ముందు మీ జేబులోంచే పెట్టుకోవాలి, తర్వాత తిరిగి ఇస్తారు. పిల్లలకి రైలైతే సెకండ్ ఏసీ చార్జీ వరకు, బస్సైతే ఏసీ బస్సు. అసలు టికెట్టు చూపించాలి. అంతకంటే ఖరీదైన ప్రయాణం చేసినా చేతికొచ్చేది సెకండ్ ఏసీ లెక్కే. అసలు చిక్కు టికెట్ దొరకడం. రైల్వే ముందస్తు బుకింగ్ ఇప్పుడు 60 రోజులు. మే 16న బయల్దేరాలంటే మార్చి 17నే తెరుచుకుంటుంది, జాబితా వచ్చేది ఏప్రిల్ 7న. మూడు వారాల పాటు వేసవి సెలవుల జనం ముందే ఎక్కేసి ఉంటారు. కేంద్రం తెలిసిన గంటలోనే పోనూ రానూ టికెట్లు చూడండి. షిల్లాంగ్‌కి రైలు లేదు. గువాహటిలో దిగి సుమారు 100 కిలోమీటర్లు రోడ్డు మీద. శ్రీహరికోటకైతే చెన్నై, గూడూరు లైన్లో సూళ్ళూరుపేట దిగాలి.

లోపల తరగతులు, శాస్త్రవేత్తలతో మాటామంతీ, ల్యాబుల సందర్శన, రోబోటిక్స్ పోటీ, రాత్రి ఆకాశ దర్శనం, చేత్తో రాకెట్టో ఉపగ్రహమో కూర్చడం ఉంటాయి. వీటిలో పిల్లల తలలో చివరిదాకా మిగిలేది కూర్పు పనే. ఉపన్యాసం ఇంటి దగ్గర వీడియోలో కూడా వినొచ్చు. మోడల్ రాకెట్ తీసుకోండి. అట్ట గొట్టం, ముక్కు, మూడో నాలుగో రెక్కలు, పక్కన స్ట్రా ముక్కంత గొట్టం (ప్రయోగ కడ్డీకి తగిలించడానికి), కింద చిన్న మోటారు (మందు కూరిన గొట్టం), లోపల ప్లాస్టిక్ పారాచూట్. ఎగరకముందే తప్పు పట్టుకునే పరీక్ష ఒకటుంది. మోటారుతో సహా అన్నీ బిగించాక, రాకెట్‌ని వేలి మీద నిలబెట్టి బరువు సమానంగా తూగే చోట దారం కట్టి, తల చుట్టూ తిప్పాలి. ముక్కు ముందుకి చూస్తూ తిరిగితే సరే. తోక ముందుకొచ్చినా, పిల్లిమొగ్గలు వేసినా గాలి ఒత్తిడి పనిచేసే బిందువు బరువు కేంద్రం కంటే ముందుందని అర్థం. ముక్కులో కొంచెం బంకమట్టి కూరాలి, లేదా రెక్కలు పెద్దవి చేయాలి. బరువు కేంద్రం కనీసం గొట్టం వ్యాసమంత ముందుండాలని లెక్క. రెక్క ఒకటి వంకరగా అతికితే రాకెట్ బొంగరంలా తిరుగుతూ ఎత్తు కోల్పోతుంది. మోటారుకీ పారాచూట్‌కీ మధ్య మంట తట్టుకునే కాగితం పెట్టడం మరిస్తే పారాచూట్ కరిగి ముద్దయిపోయి, రాకెట్ రాయిలా కింద పడుతుంది. ఈ తప్పులు చేసి, విప్పి, మళ్ళీ బిగించే సమయం పిల్లలకి ఎంత దొరుకుతుందన్న దాన్నిబట్టే శిబిరం విలువ కట్టాలి.

లోపాలూ ఉన్నాయి. రెండు వారాల్లో ఉపన్యాసాల పాళ్ళు ఎక్కువ. పద్నాలుగేళ్ళ పిల్లల్ని పొద్దుటినుంచి సాయంత్రం దాకా స్లైడ్ల ముందు కూర్చోబెడితే ఎంత గొప్ప శాస్త్రవేత్త చెప్పినా మధ్యాహ్నం భోజనం తర్వాత తలలు వాలతాయి. అన్ని రాష్ట్రాల వాళ్ళూ ఒకే గదిలో ఉంటారు కాబట్టి తెలుగులో చెప్పే వీలుండదు. పట్టికలో 15 ఇచ్చి పిలుచుకున్న పల్లె పిల్లలే ఇక్కడ ఇబ్బంది పడతారు. వెళ్ళేముందు నెల రోజులు థ్రస్ట్, పేలోడ్, ఆర్బిట్, రిమోట్ సెన్సింగ్ లాంటి ఓ యాభై మాటలు ఇంగ్లీషులో అర్థంతో నేర్పిస్తే సగం భయం పోతుంది. అన్నిటికన్నా పెద్ద లోటు శిబిరం తర్వాతది. రెండు వారాలు మనసు వెలిగించి పంపాక ఆ పిల్లల్ని పదో తరగతిలో, ఇంటర్‌లో చేయి పట్టి నడిపించే ఏర్పాటు కనపడదు. ఈ సర్టిఫికెట్‌తో అంతరిక్ష విభాగపు ఇంజినీరింగ్ విద్యాసంస్థ ఐఐఎస్‌టీలో సీటు రాదు, బీటెక్‌కి జేఈఈ అడ్వాన్స్‌డ్ రాయాల్సిందే. ఇస్రో ఉద్యోగానికి ఇది మెట్టు కూడా కాదు. ఎంపికైన పిల్లవాడి ఫొటో ఫ్లెక్సీ మీద వేసి, అడ్మిషన్లకి వాడుకునే స్కూళ్ళు మాత్రం ఈ సంగతి చెప్పవు.

లెక్కల్లో, ఫిజిక్స్‌లో నిజంగా దూకుడున్న పిల్లలకి యువిక చాలదు. వాళ్ళు జూనియర్ సైన్స్ పరీక్ష ఎన్‌ఎస్‌ఈజేఎస్‌నో, లెక్కలకి ఐఓక్యూఎంనో రాయాలి. అక్కడ సర్టిఫికెట్ల ఫైలు చూసేవాళ్ళు లేరు, ఉన్నది ప్రశ్నపత్రం ఒక్కటే. పై మెట్లు దాటిన కొద్దిమందికి ముంబైలోని హోమీ భాభా సైన్స్ విద్యా కేంద్రం లాంటి చోట్ల జరిగే శిబిరాలు మెదడుకి ఇంతకంటే గట్టి పని పెడతాయి. రెండూ ఒకే ఏడు ప్రయత్నించడంలో తప్పు లేదు. ఆ పరీక్షలు వేసవికి చాలా ముందే అయిపోతాయి.

ఇక అంతరిక్షం పేరు పెట్టి వేలకు వేలు వసూలు చేసే ప్రైవేటు వేసవి క్యాంపుల వాళ్ళని డబ్బు కట్టేముందు మూడు ముక్కలడగండి. ఒక కిట్టుకి ఎంతమంది పిల్లలు? నలుగురు దాటితే ఇద్దరే చేస్తారు, మిగతావాళ్ళు చూస్తారు. కిట్టు ఇంటికిస్తారా? తప్పు జరిగితే రెండోసారి ఎగరేసే మోటారు లెక్కలో ఉందా? మూడోదానికి సమాధానం నసిగితే ఆ డబ్బుతో ఇంట్లోనే నీటి రాకెట్ చేయడానికి రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాలు, పాత సైకిల్ ట్యూబు వాల్వు, బిగువుగా పట్టే రబ్బరు బిరడా, ప్రెషర్ మీటరున్న సైకిల్ పంపు, పొడుగాటి గొట్టం కొనండి. సీసాలో మూడో వంతు నీళ్ళు. నీళ్ళు ఎక్కువైతే గాలికి చోటు తగ్గి నెట్టే బలం ముందే అయిపోతుంది, తక్కువైతే నెట్టడానికి బరువు లేక వెంటనే ఊదేస్తుంది. గీత పడిన సీసా, నొక్కుపోయిన సీసా వాడొద్దు. పంపు కొట్టేవాళ్ళు కనీసం ఐదారు మీటర్లు వెనక ఉండాలి, సీసా మీదకి ఎవరూ వంగకూడదు. నీళ్ళు కాస్త కాస్తగా మారుస్తూ పదిసార్లు ఎగరేసి, ప్రతిసారీ గాలిలో ఎన్ని సెకన్లు ఉందో రాసి గ్రాఫు గీస్తే, వచ్చే స్కూలు సైన్స్ ఫెయిర్‌కి ప్రాజెక్టు చేతిలో ఉన్నట్టే. అది 7వ తరగతి వేసవిలో చేస్తే పట్టికలో లెక్కకి కూడా వస్తుంది.